బ్రేకుకు రంగేస్తున్నారా? ముందు తుప్పు సంగతి తేల్చండి

అలాయ్ వీల్ సందుల్లోంచి ఎర్రగా మెరిసే బ్రేకు క్యాలిపర్‌ను చూసి ముచ్చటపడని కుర్రాళ్లు తక్కువ. నేనూ పడ్డాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది భీమిలిలో ఉండే మా బాబాయ్ దగ్గర పదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఇంజిన్ బంగారం. కానీ పదేళ్లు సముద్రపు గాలి పీల్చిన బండి కదా, చక్రాల వెనక చూస్తే క్యాలిపర్లు గోధుమ రంగు పెచ్చులు కట్టి ఉన్నాయి. వాటి ముందు కొత్త అలాయ్‌లు బిగిస్తే పట్టు చొక్కా కింద చిరిగిన చెప్పుల్లా ఉంది.

ఒక ఆదివారం కూర్చున్నాను. 350 రూపాయల ఎర్ర స్ప్రే డబ్బా, ఒక వైరు బ్రష్, రెండు గంటల టైమ్. పని అయిపోయింది, ఫొటోలు కూడా పెట్టేశాను. బ్రష్ కొడుతున్నప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర ఒక చిన్న రబ్బరు బూటు చిరిగి ఉండటం చూశాను. చూసి వదిలేశాను. దాని మీద కూడా ఎర్ర రంగు పడింది.

తర్వాతి వారం అమ్మను, చెల్లిని ఎక్కించుకుని అరకు వెళ్లాం. దిగేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో బండి ఎడమ వైపు లాగడం మొదలుపెట్టింది. కాలిన వాసన. ఇంకో రెండు మలుపులు తిరిగాక బ్రేకు పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు, ఫస్ట్ గేరు సాయంతో పక్కకు తీసి ఆపాను. ఎడమ చక్రం లోంచి పొగ వస్తోంది. బండిని కింద శృంగవరపుకోటలో ఒక షెడ్డుకు చేర్చేసరికి చీకటి పడింది. మెకానిక్ చక్రం విప్పి, టార్చ్ వేసి చూసి, ఒకే మాట అన్నాడు: “రంగు బాగానే వేశావు తమ్ముడూ, పిన్ను చూసుకోలేదా?”

ఆ చిరిగిన బూటులోంచి నీళ్లు దిగి లోపలి పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. ఒక ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయింది. నేను వేసిన ఎర్ర రంగు అప్పటికే బుడగలు లేచి, గోరు పెడితే తొక్కలా ఊడొస్తోంది.

ఇప్పుడు అదే కారు, అవే క్యాలిపర్లు. రెండోసారి వేసిన రంగుకు మూడేళ్లు నిండాయి. ఆ రెండు పనుల మధ్య నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఏ పెయింట్ కొనాలి అన్నది రెండో ప్రశ్న. ఈ క్యాలిపర్ రంగు వేయదగిన స్థితిలో ఉందా అన్నది మొదటిది.

పైతుప్పా? లోపలి జబ్బా?

క్యాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపుల నుంచి పట్టుకునే ఇనుప పట్టు. మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు ఉండేది ‘స్లైడింగ్’ రకం. మీరు పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ తోపుకే క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను కూడా లాగి నొక్కుతుంది. పిన్నులు జారకపోతే పనంతా దాదాపు ఒక్క ప్యాడే చేస్తుంది. కాలు తీసినా పట్టు పూర్తిగా వదలదు. నా బండిలో జరిగింది ఇదే.

క్యాలిపర్ పోత ఇనుముతో చేసింది. బయటి దళసరి భాగం మీద తుప్పు కంగారు పడాల్సిన విషయం కాదు. వైరు బ్రష్‌తో గీకితే గట్టి ఇనుము కనిపిస్తుంది. అలాంటిదానికి నిశ్చింతగా రంగు వేసుకోవచ్చు. కానీ ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా పెయింట్ డబ్బా పక్కన పెట్టండి.

• పిస్టన్ చుట్టూ గానీ, పిన్నుల దగ్గర గానీ రబ్బరు బూటు చిరగడం, పగలడం.

• పిస్టన్ దగ్గర తడి. అది బ్రేకు ఆయిల్ కారుతోందన్న మాట.

• లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ మందంలో స్పష్టమైన తేడా.

• చక్రం గాల్లో ఉండగా చేత్తో తిప్పితే గట్టిగా పట్టేయడం. డిస్కుకు ప్యాడ్ లైట్‌గా రాసుకునే సవ్వడి మామూలే.

• పిన్ను చేత్తో లాగితే జారకపోవడం, బయటికి వచ్చాక మీద గుంటలు ఉండటం.

• ఆయిల్ వెళ్లే రబ్బరు పైపు మీద పగుళ్లు, ఉబ్బు.

వీటికి మందు రిపేర్ కిట్టు, కొత్త పిన్నులు, లేదంటే కొత్త క్యాలిపర్. బూట్లు, సీళ్లు ఉండే కిట్టు ధర కొత్త క్యాలిపర్‌తో పోలిస్తే చాలా తక్కువ. అది వేయించాకే రంగు. లోపల జబ్బు పెట్టుకుని పైన రంగు వేస్తే, తర్వాత చూసే మెకానిక్ కూడా ‘ఇది ఈమధ్యే బాగుచేసినట్టుంది’ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

అక్కడ ఎంత వేడి పుడుతుంది?

ఇప్పుడు పెయింట్ సంగతి. షాపుకు వెళ్లే ముందు చిన్న లెక్క వేద్దాం, ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి సుమారు 460 కిలోజౌళ్లు. పూర్తిగా బ్రేకు వేసి ఆపితే దాదాపు అదంతా వేడిగా మారాలి. 30 డిగ్రీల నీళ్లు ఒకటిన్నర లీటర్లు మరిగే దాకా కాచడానికి ఈ వేడి చాలు. ఒక్కసారి ఆపితేనే అంత!

ఘాట్ లెక్క ఇంకా పెద్దది. అదే బండి వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి, 100 వేగం నుంచి సుమారు 25 సార్లు ఆపినంత. అందులో ఇంజిన్ బ్రేకింగ్, గాలి కొంత పంచుకుంటాయి. తక్కువ గేరులో దిగమని పెద్దలు చెప్పేది ఇందుకే. మిగతాదంతా బ్రేకులదే, అందులోనూ ఎక్కువ భారం ముందు చక్రాలది.

అయితే ఈ వేడిలో ఎక్కువ భాగం డిస్కుకు వెళ్తుంది. రేసు ట్రాకుల్లో డిస్కులు ఎర్రగా కాలడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. క్యాలిపర్ అంత వేడెక్కదు, ఎక్కకూడదు కూడా. ఎందుకంటే దాని కడుపులో బ్రేకు ఆయిల్ ఉంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 డిగ్రీల దాకా మరగకూడదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు డాట్ 3కి 140, డాట్ 4కి 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిందంటే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అనంతగిరిలో నా పాదం కింద జరిగింది అదే. బాబాయ్ ఆ ఆయిల్ ఎప్పుడు మార్చాడో ఆయనకే గుర్తు లేదు.

దీన్నుంచి మనకు కావలసిన అంకె దొరికింది. రోడ్డు మీద సవ్యంగా పనిచేసే క్యాలిపర్ ఒళ్లు సాధారణంగా 200 డిగ్రీల లోపే ఉంటుంది. కొంత మార్జిన్ కలుపుకొంటే 250 నుంచి 300 డిగ్రీలు తట్టుకునే పెయింట్ మనకు చాలు.

పెద్ద అంకె చూసి మోసపోవద్దు

‘అలాంటప్పుడు 600 డిగ్రీల పెయింట్ కొంటే ఇంకా సేఫ్ కదా’ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. బైక్ సైలెన్సర్లకు వేసే నల్ల స్ప్రే డబ్బా మీద ఉండే అంకె అది. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ రకం సిలికోన్ పెయింట్లలో చాలావాటికి పూర్తి గట్టిదనం రావాలంటే దాదాపు 200 డిగ్రీల వేడిలో కొంతసేపు కాలాలి. సైలెన్సర్ మీద ఇంజిన్ ఆ పని చేసిపెడుతుంది. క్యాలిపర్ అంత వేడి వరకు వెళ్లదు, వెళ్లినా ఒళ్లంతా సమానంగా కాలదు. దాంతో పెయింట్ సగం ఉడికిన అన్నంలా ఉండిపోతుంది. గీస్తే గీత పడుతుంది, ఒక చుక్క బ్రేకు ఆయిల్ పడితే కరిగిపోతుంది.

అవును, క్యాలిపర్ పెయింట్‌కు వేడి కన్నా గట్టి శత్రువు బ్రేకు ఆయిలే. డాట్ 3, 4, 5.1 రకాలు గ్లైకాల్ ఆధారితం. మామూలు పెయింట్ మీద పడితే రిమూవర్‌లా పనిచేస్తాయి. సర్వీసింగ్‌లో ఆయిల్ మార్చి బ్లీడింగ్ చేసినప్పుడల్లా ఒకటో రెండో చుక్కలు క్యాలిపర్ మీద పడకుండా ఉండవు. మూడో శత్రువు రోడ్డు. వాన నీళ్లు, కంకర దెబ్బలు, చక్రాలు కడిగే షాంపూలు, ఇనుప రజను కలిసిన బ్రేకు దుమ్ము.

అందుకే డబ్బా తిప్పి చూసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎంత వేడి తట్టుకుంటుంది? బ్రేకు ఆయిల్‌కు తట్టుకుంటుందని రాసి ఉందా? పూర్తిగా ఆరడానికి ఓవెన్ వేడి కావాలా, గది వేడి చాలా? ఈ మూడింటికీ జవాబు లేని డబ్బా చౌకైనా వద్దు.

షాపులో దొరికేవి, వాటి గుణాలు

*మామూలు స్ప్రే, డ్యూకో రంగులు:* బానెట్‌కు, బంపర్‌కు పనికొస్తాయి. 100 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి, బ్రేకు ఆయిల్‌కు నిలవవు. నేను మొదటిసారి వేసింది ఇదే. వద్దు.

*రెడాక్సైడ్ ప్రైమర్:* మన ఇళ్లలో గేటుకు, కిటికీ ఊచలకు వేసేది. ‘ముందు ఒక కోటు రెడాక్సైడ్ కొట్టు, తుప్పు రాదు’ అనే సలహా తప్పకుండా వస్తుంది. గేటుకు అది మంచి సలహానే. క్యాలిపర్‌కు కాదు. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా కిందున్న ప్రైమర్ వేడికో, ఆయిల్‌కో లొంగితే రెండూ కలిసి ఊడతాయి. ప్రైమర్ కావాలంటే పైరంగు తయారీదారు చెప్పినదే వాడాలి. చాలా క్యాలిపర్ పెయింట్లు ప్రైమర్ లేకుండా నేరుగా ఇనుము మీద వేసేవే.

*ఇంజిన్ ఎనామెల్:* సాధారణంగా 250 నుంచి 300 డిగ్రీల రేటింగ్‌తో వస్తుంది. ఆయిల్, పెట్రోల్ మరకలకు తట్టుకునేలా చేసిన రంగు. తక్కువ బడ్జెట్‌లో మంచి ఎంపిక. బ్రేకు ఆయిల్ గురించి డబ్బా మీద ఏం రాశారో చూసుకోవాలి, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

*క్యాలిపర్ స్ప్రే:* ఈ పనికే తయారైన సీసా. వాడటం తేలిక, ఫినిష్ నున్నగా వస్తుంది. కష్టం ఏంటంటే మాస్కింగ్. డిస్కు, ప్యాడ్లు, రబ్బర్లు, పైపు, ఫెండర్ లోపలి భాగం అన్నీ కప్పాలి. రంగు వేసే టైమ్ పావుగంట, కప్పే టైమ్ గంటన్నర.

*రెండు భాగాల ఎపాక్సీ:* అరాల్డైట్ గుర్తుందా? రెండు ట్యూబులు కలిపితేనే గట్టిపడుతుంది. ఇదీ అంతే. రంగు ఒక డబ్బా, హార్డెనర్ ఒక డబ్బా. కలిపాక అణువులు ఒకదానికొకటి వలలా అల్లుకుంటాయి, అందుకే బ్రేకు ఆయిల్‌కు, రాళ్ల దెబ్బలకు మిగతావాటి కన్నా బాగా నిలుస్తుంది. ఓవెన్ అక్కర్లేదు. బ్రష్‌తో వేయొచ్చు కాబట్టి మాస్కింగ్ తక్కువ, క్యాలిపర్‌ను బండి నుంచి విప్పకుండానే పని అవుతుంది. ఎపాక్సీ ఎండకు పాలిపోయే రకం, కానీ చక్రం చాటున ఎండ పెద్దగా తగలదు. ఒకసారి కలిపాక డబ్బా మీద రాసిన గడువులోపు వాడేయాలి, మిగిలింది దాచుకోలేరు. నేను రెండోసారి వేసింది ఇదే.

*పౌడర్ కోటింగ్:* పొడి రంగు చల్లి ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గట్టిదనంలో దీనికి పేరుంది. కానీ ఆ ఓవెన్‌లోకి వెళ్లే ముందు పిస్టన్, సీళ్లు, బూట్లు అన్నీ తీసేయాలి. పిస్టన్ జారే గొట్టం, మరలు ఉన్న రంధ్రాలు కప్పాలి. తర్వాత కొత్త సీళ్లతో బిగించి బ్లీడింగ్ చేయాలి. క్యాలిపర్‌ను ఎలాగూ పూర్తిగా విప్పి బాగుచేయిస్తుంటేనే దీని గురించి ఆలోచించండి. రంగు కోసమే విప్పకండి.

మొత్తం మీద నా సలహా: ఇంటి దగ్గర, క్యాలిపర్ విప్పకుండా చేసుకునేవారికి బ్రష్‌తో వేసే ఎపాక్సీ. డబ్బు తక్కువైతే ఇంజిన్ ఎనామెల్. పూర్తి ఓవర్‌హాలింగ్ చేయిస్తుంటే పౌడర్ కోటింగ్. వెనక చక్రాలకు డ్రమ్ములుంటే వాటి బయటి ఒళ్లుకు కూడా ఇదే పెయింట్ పనికొస్తుంది.

రంగు మీ ఇష్టం. ఒక్క మాట మాత్రం. పోర్షే కార్లలో పసుపు క్యాలిపర్ కనిపిస్తే అది సిరామిక్ డిస్కులున్న బండి అని గుర్తు. అక్కడ రంగు వెనక ఒక సామగ్రి ఉంది. మన హ్యాచ్‌బ్యాక్‌కు పసుపు వేస్తే ఆగే దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు. ఇంకో సంగతి, ముదురు బూడిద, నలుపు మీద బ్రేకు దుమ్ము కనపడదు. ఎరుపు, పసుపు వారానికోసారి కడిగించుకుంటాయి.

పనిలో మూడొంతులు శుభ్రం చేయడమే

ఇనుము తుప్పుగా మారినప్పుడు మొదటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద వదులు తుప్పు మిగిలితే అది ఉబ్బి రంగును పైకి లేపుతుంది. కాబట్టి తొందరపడొద్దు.

సమతలంగా ఉన్న చోట బండి ఆపి, గేరులో పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టండి. వీల్ నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని పని చేయకూడదు, కింద స్టాండు ఉండాల్సిందే. దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదొద్దు, పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, తడిపి తుడవండి.

వైరు బ్రష్‌తో పెచ్చులన్నీ రాలగొట్టండి. రబ్బరు బూట్ల దగ్గర మాత్రం చిన్న బ్రష్‌తో, చేత్తోనే. తర్వాత 80, 120 నంబర్ ఎమరీ పేపరుతో రుద్దితే రంగు పట్టుకోవడానికి గరుకు వస్తుంది. గుంటల్లో దిగిన తుప్పు ఎంత గీకినా పోదు. దానికి రస్ట్ కన్వర్టర్ అని దొరుకుతుంది. అందులోని టానిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును నల్లటి నిలకడైన పొరగా మారుస్తుంది. వదులు పెచ్చుల మీద అది పనిచేయదు. మీరు వేయబోయే పెయింట్ దాని మీద పడుతుందో లేదో కూడా డబ్బా మీద చూసుకోండి.

చివరగా జిడ్డు. మన షెడ్లలో పెట్రోల్‌తోనో, డీజిల్‌తోనో కడిగేయడం అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. బ్రేకు సీళ్ల రబ్బరు సాధారణంగా ఈపీడీఎం అనే రకం. పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే అది ఉబ్బిపోతుంది. బ్రేకు క్లీనర్ స్ప్రే వాడండి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా. శుభ్రం చేశాక చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు చాలు రంగు పట్టకుండా చేయడానికి.

వాతావరణం కూడా చూసుకోవాలి. పెయింట్ పరిశ్రమలో ఒక సూత్రం ఉంది: ఇనుము ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయి కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. లేకపోతే కంటికి కనిపించని నీటి పొర మీద రంగు వేసినట్టే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలం ఉదయాలు ఈ పనికి పనికిరావు. ఎండ వచ్చాక, నీడలో వేయండి.

మందంగా ఒక కోటు కన్నా పల్చగా రెండు, మూడు కోట్లు మేలు. మందపు పొరలో చిక్కుకున్న సాల్వెంట్, బ్రేకు వేడెక్కగానే బుడగలై లేస్తుంది. కోటుకూ కోటుకూ మధ్య ఎంతసేపు ఆగాలో, పూర్తిగా ఆరడానికి ఎంత పడుతుందో తయారీదారు చెప్పిందే వేదం. రెండు భాగాల స్ప్రే క్లియర్ కోట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఇంట్లో వాటి జోలికి పోవద్దు.

వీటి మీద చుక్క కూడా పడకూడదు

డిస్కు రాపిడి ముఖం, ప్యాడ్లు, ప్యాడ్లు జారే గాడి, పిస్టన్, పిన్నులు, రబ్బరు బూట్లు, ఆయిల్ పైపు, బ్లీడర్ నిపుల్ రంధ్రం. ప్యాడ్ గాడిలో పల్చటి పొర పడినా ప్యాడ్ బిగుసుకుంటుంది. చక్రం, హబ్ కలిసే ముఖం మీద కూడా వేయొద్దు. కొన్నాళ్లకు ఆ పెయింట్ నలిగి పల్చబడితే వీల్ నట్ల బిగువు తగ్గుతుంది. పిన్నులకు పూసే గ్రీజు కూడా బ్రేకుల కోసం చేసినదే కావాలి.

క్యాలిపర్‌ను పక్కకు తీయాల్సి వస్తే ఆయిల్ పైపు మీద వేలాడదీయకండి, తీగతో పైకి కట్టండి. పైపు మాత్రం విప్పొద్దు. విప్పితే గాలి చేరుతుంది, బ్లీడింగ్ తెలిసిన మెకానిక్ చేయాల్సిందే.

అన్నీ బిగించాక, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. పిస్టన్ వెనక్కి జరిగి ఉంటే మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు. ఈ ఒక్కటి మరచిపోయి ఎదురు గోడను గుద్దినవాళ్లు ఉన్నారు. ఆయిల్ మట్టం చూడండి. వీల్ నట్లు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించండి. మొదట ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి నాలుగుసార్లు ఆపి చూడండి.

తుప్పులోనూ ఒక కెరియర్ ఉంది

ఇంజినీరింగ్‌లో ‘మెటీరియల్ సెలక్షన్’ చదివి పరీక్ష రాసి మరచిపోయాను. ఒక పెయింట్ డబ్బా నాకు దాన్ని మళ్లీ నేర్పింది. ఎంత వేడి, ఏ రసాయనం, ఎలాంటి ఉపరితలం, ఎంత ఖర్చు అని అడిగి ఎంచుకోవడమే కదా ఆ సబ్జెక్టు. ఇంటర్వ్యూలో ‘సొంతంగా ఏం చేశారు?’ అని అడిగితే, ఇలా చెడగొట్టి, కారణం కనుక్కుని, సరిచేసిన పని ఒకటి చెప్పండి. డౌన్‌లోడ్ చేసిన ప్రాజెక్టు రిపోర్టు కన్నా అది బాగా నిలబడుతుంది.

ఆసక్తి ఇంకా ఉంటే ఇదో పెద్ద రంగం. ఓడలు, పైపులైన్లు, వంతెనలు, రిఫైనరీలు అన్నింటికీ తుప్పే శత్రువు. ఉపరితలం మీద తుప్పు ఎంతుందో, ఎంత శుభ్రం చేశారో చెప్పే ఐఎస్‌ఓ 8501-1, రంగు ఎంత గట్టిగా పట్టిందో గళ్లు కోసి చూసే ఐఎస్‌ఓ 2409, ఉప్పునీటి తుంపరలో పెట్టి చూసే ఏఎస్‌టీఎం బీ117 వంటి ప్రమాణాలు తెలిసినవారికి ఇక్కడ విలువ ఉంది. కోటింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికేషన్‌ను ఏఎంపీపీ అనే అంతర్జాతీయ సంస్థ ఇస్తుంది, నేస్, ఎస్‌ఎస్‌పీసీ కలిసి 2021లో ఇదిగా మారాయి. ముంబైలోని ఐసీటీలో సర్ఫేస్ కోటింగ్ టెక్నాలజీ, కాన్పూర్‌లోని హెచ్‌బీటీయూలో పెయింట్ టెక్నాలజీ బీటెక్ స్థాయిలో చదవొచ్చు. కారైకుడిలోని సీఎస్‌ఐఆర్ సంస్థ సెక్రీలో తుప్పు మీద పరిశోధనలు జరుగుతాయి. మెకానికల్, కెమికల్, మెటలర్జీ విద్యార్థులకు ఇవి దగ్గరి దారులు.

మొన్న సంక్రాంతికి మళ్లీ అరకు వెళ్లాం. అమ్మ ముందు సీట్లో కూర్చోలేదు, ఆ రోజు భయం ఆమెకు ఇంకా పోలేదు. బయల్దేరే ముందు నాలుగు చక్రాలూ విప్పి చూశాను. పిన్నులు వేలితో తోస్తే జారుతున్నాయి, బూట్లు బాగున్నాయి, ఆయిల్ కిందటి వేసవిలో మార్చిందే. రంగు కూడా చెక్కుచెదరలేదు. ఈసారి దాన్ని చివరన చూశాను.